బీరయ్యకు రెండో కోత ఎందుకు పడింది

1962 చలికాలం. పాలమూరు జిల్లాలో ఒక సర్కారు దవాఖాన, మగవాళ్ల సర్జికల్ వార్డు. ఊరి పేరు రాయను. ఆ పాత భవనం కూడా ఇప్పుడు లేదు. నాది నల్లగొండ. హైదరాబాదులో నర్సింగు చదివి, ఉద్యోగం ఎక్కడిస్తే అక్కడికి పెట్టె పట్టుకుని పోయిన దాన్ని. మామూలు రోజుల్లో వార్డు చూసుకునేదాన్ని, ఆపరేషన్ ఉన్న రోజు థియేటర్లో నిలబడేదాన్ని. మనుషులు తక్కువ, పని ఎక్కువ. నాకు నోరు పెద్దదే కానీ గుండె చిన్నది. రోగికి జ్వరం కాస్త పెరిగితే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. "నీ రోగులు బాగానే ఇంటికి పోతరు, ముందుగాల పోయేది నువ్వే" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

అప్పట్లో మా వార్డులో ఎప్పుడు చూసినా కడుపులో పుండు కేసులే. డ్యుయోడినల్ అల్సర్ అంటారు. జీర్ణాశయం దాటగానే పేగు మొదట్లో పుండు పడుతుంది. ఎందుకు పడుతుందో ఆ రోజుల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. కొందరు కారం అన్నారు, కొందరు ఖాళీ కడుపు అన్నారు, కొందరు మనాది, అంటే లోపలి దిగులు, అన్నారు. ఏళ్ల తరబడి పుండు మాని, మళ్లీ పడి, మళ్లీ మాని, చివరికి ఆ దారి బిగుసుకుపోతుంది. ఇక తిన్నది కిందికి దిగదు. మనిషి తింటూనే ఎండిపోతాడు.

బీరయ్య అలాగే వచ్చాడు. అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న ఊరు. గొర్ల కాపరి. నలభై ఏళ్లుంటాయేమో, ఆరడుగుల మనిషి, భుజాన నల్ల గొంగడి. ఎముకల గూటికి గొంగడి కప్పినట్టున్నాడు. వెంట భార్య మల్లవ్వ.

"ఏం తకలీఫు బీరయ్యా?" అని అడిగాను.

"తిన్నది కిందికి దిగుతలేదు సిస్టరమ్మా. నిన్న పొద్దుగాల తిన్న గటుక ఇయ్యాల పొద్దుగాల కక్కుతున్న. జొన్న నూక గట్లనే వస్తాంది."

"ఎన్ని దినాల సంది?"

"దినాలా? యాడాది దాటింది. మందను ఇడిసిపెట్టి రావాల్నంటె ఎట్ల వస్త?"

మా సర్జన్ గారు గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చినాయన. మాటలు తక్కువ, చేతులు మంచివి. బీరయ్య నడుము రెండు వైపులా పట్టుకుని మెల్లగా ఊపారు. సగం నిండిన కుండలో నీళ్లు కదిలినట్టు లోపల చప్పుడైంది. దారి మూసుకుపోయిందనడానికి అది గుర్తు. ఇక మందులతో పని కాదు, కోయాల్సిందే. ఎలా కోయాలన్నదే ప్రశ్న.

రెండు రకాలు ఉండేవి. ఒకటి పార్షియల్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో సగానికి పైగా కోసి తీసేసి, మిగిలిన ముక్కను పేగుకు కుట్టడం. పుండు మళ్లీ రావడం తక్కువ. కానీ సంచి చిన్నదైపోతుంది. తిన్నది అందులో ఆగకుండా ఒక్కసారిగా పేగులోకి జారితే చెమటలు పోసి, గుండె దడదడలాడి, కళ్లు తిరుగుతాయి. దాన్ని డంపింగ్ అనేవాళ్లం. కొందరికి పసరు వాంతులు, కొన్నేళ్లకు రక్తం తగ్గడం కూడా ఉండేవి. రెండోది వేగాటమీ, దానితో పాటు గ్యాస్ట్రోజెజునాస్టమీ, పొట్టిగా జీజే. జీర్ణాశయానికి వచ్చే వేగస్ నరాన్ని కత్తిరించి పుండును పెంచే పులుపు, అంటే ఆమ్లం, ఊరడం తగ్గించి, మూసుకుపోయిన దారిని అలాగే వదిలేసి, పక్కనుంచి పేగుకు కొత్త దారి కుట్టడం. ఇందులో కోత చిన్నది, సంచి మొత్తం ఉంటుంది. కానీ నరం తెగిన సంచికి బద్ధకం వస్తుంది, ముద్దను మునుపటిలా నలగ్గొట్టదు. కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. పుండు తిరిగొచ్చే భయం కూడా కాస్త ఎక్కువే.

ఇప్పుడు లావు తగ్గడానికి స్లీవ్ అనీ బైపాస్ అనీ చేస్తున్నారు కదా, వాటికి ఇవి పెద్దన్నల్లాంటివి. సంచిని చిన్నది చేయడం, దారి మళ్లించడం, ఆ రెండు ఉపాయాలే. మా రోజుల్లో లావు తగ్గడానికి కడుపు కోయించుకుంటారంటే పిచ్చాసుపత్రికి పొమ్మనేవాళ్లం. మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒక చారెడు కండ మిగిలితే అదే పదివేలు.

బీరయ్య పక్క పడక మీద కల్వకుర్తిలో కిరాణా కొట్టున్న సేటు ఒకాయన ఉండేవాడు. గ్యాస్ట్రెక్టమీ అయి మూడు వారాలు. తియ్యటి చాయ్ తాగితే చాలు, కాసేపటికి ఒళ్లంతా చెమట పట్టి, గుండె పట్టుకుని పడుకునేవాడు. గంటకు తేరుకుని మళ్లీ చాయ్ అడిగేవాడు. చక్కెర వద్దని నేను కసురుకుంటే, "చక్కెర లేని చాయ్ ఎవడు తాగుతడమ్మా, గుర్రాలు తాగుతయి" అనేవాడు. బీరయ్య ఇదంతా రెండు రోజులు చూశాడు. మూడో రోజు నన్ను పిలిచాడు.

"సిస్టరమ్మా, సేటుకు చేసిన కోత నాకొద్దు."

"ఏమిటికి?"

"తిన్నంక గంటసేపు పండుకునుడు నాతోని కాదు. సేటు పండుకుంటె దుకాణం యాడికి పోతది? నేను పండుకుంటె గొర్లు ఆగుతయా? నక్కలు ఆగుతయా?"

మల్లవ్వ పక్కనుంచి అందుకుంది. "గొర్లు పోతె పోయినయి. ముందు నువ్వు బతుకు."

"గొర్లు పోయినంక బతికి ఏం జేస్తనే?" అన్నాడు బీరయ్య.

ఆ మాట సర్జన్ గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. బీరయ్య ఉన్న స్థితిలో పెద్ద కోతకు తట్టుకోడని ఆయన అప్పటికే అనుకుంటున్నారు. చిన్న కోత చేస్తే పుండు తిరిగొస్తుందేమో, పెద్ద కోత చేస్తే మనిషే మిగలడేమో. ముందు నుయ్యి వెనక గొయ్యి. చివరికి వేగాటమీ, జీజే అని ఖాయం చేశారు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. నా ప్రాణం మాత్రం ఆ తర్వాతి వారమంతా నా దగ్గర లేదు. కొత్తగా కుట్టిన దారి ఎక్కడైనా కారిందంటే మనిషి పోతాడు. ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబులో ఏ రంగు నీళ్లొస్తున్నాయో, నాడి ఎలా కొట్టుకుంటుందో, కడుపు బిగుసుకుంటోందేమో అని ఊరికే చూసేదాన్ని. పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు కోసం వినేదాన్ని. చప్పుడు లేకపోతే భయం, ఎక్కువగా ఉంటే ఇంకో భయం. కడుపు ఆపరేషన్ వార్డులో అందరూ ఎదురుచూసే శుభవార్త ఒక్కటే, రోగికి గాలి పోవడం. బీరయ్యకు గాలి పోయిన పొద్దున సేటు చప్పట్లు కొట్టాడు. మల్లవ్వ సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను వరండాలోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

ఇంటికి పంపే రోజు సర్జన్ గారు పడక దగ్గర నిలబడి చెప్పారు. "చూడు బీరయ్యా, ఇదివరకటిలా ఒకేసారి కడుపునిండా తినకూడదు. కొంచెం కొంచెం, మాటిమాటికీ తినాలి. పొద్దుటికీ రాత్రికీ మధ్య నాలుగైదు సార్లు. మెత్తనివి తిను. పళ్లూ అవీ తిను, ఒంటికి బలం."

"పండ్లా సారూ? మా దిక్కు పండ్లకేం తక్కువ" అన్నాడు బీరయ్య సంతోషంగా.

నేనూ తలూపాను. అందరికీ చెప్పే మాటే అది. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడమే అందరూ చేసేది. సేటునే చూడండి.

బీరయ్య ఆ రకం కాదు.

మిరుగు కార్తె, అంటే మృగశిర, దగ్గర పడుతుండగా, ఇంకా వాన జాడ లేని ఒక మధ్యాహ్నం, మల్లవ్వ, ఆమె అన్న కలిసి బీరయ్యను మంచం మీద మోసుకుని వచ్చారు. బస్సు దిగిన చోటి నుంచి దవాఖాన దాకా మోసుకొచ్చారట. గొంగడి తీసి చూశాను. మేం పంపినప్పుడు కాస్త కండ పట్టిన మనిషి, మొదటిసారి వచ్చినప్పటి కంటే అన్యాయంగా ఉన్నాడు. మళ్లీ అవే వాంతులు. నీళ్లు తాగినా నిలవడం లేదు. సర్జన్ గారు పొట్ట మీద చెయ్యి వేసి అలాగే ఆగిపోయారు. నన్నూ చూడమన్నారు. బొడ్డుకు పైన, ఎడమ వైపు, గట్టి గడ్డ. నొక్కితే అటూ ఇటూ జరుగుతోంది.

ఆయన బయటికి వచ్చి వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. "కేన్సర్ అయ్యుంటుందేమో సిస్టర్. మొదటిసారి నా చేతికి తగల్లేదేమో" అన్నారు. కేన్సర్ అయితే కోసి లాభం లేదు. కుట్టిన దారి మూసుకుపోయి ఉంటే కోయాలి, కానీ ఈ శరీరం కోతకు ఆగుతుందా? ఏది చేయాలన్నా భయమే. ఏమీ చేయకపోతే వారం కూడా బతకడు.

సెలైన్ ఎక్కిస్తూ మల్లవ్వతో మాట కలిపాను. నా గొంతులో కాస్త కోపం కూడా ఉందనుకుంటాను. భయమేస్తే నాకు ముందు కోపం వస్తుంది.

"చెప్పినట్లు తిన్నడా, లేకుంటె గటుక బొక్కిండా కడుపు నిండ?"

మల్లవ్వ కళ్లు ఎర్రబడ్డాయి. "మీరు చెప్పినట్లు తిన్నందుకే గిట్లయింది! కొంచెం కొంచెం తినుమన్నరు, తిన్నడు. మాటిమాటికి తినుమన్నరు, తిన్నడు. మంద ఎనుక అడివిల తిరిగెటోనికి మాటిమాటికి వండిపెట్టెతందుకు నేనేమన్న ఎంట పోతనా? పండ్లు తినుమన్నరు, గవ్వే తిన్నడు."

"ఏం పండ్లు?"

"ఎండకాలం అడివిల ఏం పండ్లుంటయి? తునికి పండ్లు. చెట్ల కింద రాలి పడి ఉంటయి. గొంగడిల ఒడి నిండ పోసుకొని, మంద యాడ ఆగితె ఆడ నాలుగు నాలుగు నోట్లె ఏసుకునెటోడు. నేను గటుక పోస్తె, 'వద్దే, డాక్టర్ సాబ్ పండ్లు తినుమన్నడు' అంటుండె."

పడక మీంచి బీరయ్య సన్నగా అన్నాడు. "ఒక్క పూట గూడ తప్పలే సిస్టరమ్మా."

సర్జన్ గారు గుమ్మంలోనే ఉన్నారు. "తునికి పండంటే ఏవిటి?" అని అడిగారు. నేను చెప్పాను. బీడీలు చుట్టే ఆకు చెట్టు పండు. పసుపు పచ్చగా, చిన్న నిమ్మకాయంత ఉంటుంది. బాగా పండినది తియ్యగా ఉంటుంది, దోరగా ఉన్నది తింటే వగరుకు నాలుక మందమెక్కి, నోరంతా బంక పట్టినట్టవుతుంది. చిన్నప్పుడు మేమూ తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన ఆ చివరి మాట వినలేదు. "వగరా? బంకా?" అని రెట్టించి అడిగారు. ఇలాంటి జాతి పండే వేరే దేశాల్లో ఒకటుందనీ, దాని వగరు కడుపులో పులుపుతో కలిస్తే పీచునూ తొక్కనూ పట్టుకుని రాయిలా గట్టిపడుతుందనీ, కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువనీ ఎక్కడో చదివానన్నారు. దాన్ని బెజోర్ అంటారట. మామూలు కడుపైతే పండును నలగ్గొట్టి తోసేస్తుంది. బీరయ్య కడుపు నరం మేమే కత్తిరించాం. బద్ధకపు సంచిలో నాలుగు నాలుగు చొప్పున పండ్లు చేరి ముద్ద కట్టి ఉంటాయి.

అది పండ్ల గడ్డే అయితే బతుకు మీద ఆశ ఉన్నట్టే. కేన్సర్ అయితే లేదు. ముందు నోట్లోంచి లావు గొట్టం వేసి సోడా కలిపిన నీళ్లతో కడిగి చూశాం. నాలుగు తొక్కలూ, ఒక గింజా వచ్చాయి. గడ్డ కదల్లేదు. తొక్కలు వచ్చాయి కదా అని నేను ఆశగా చూస్తే, సర్జన్ గారు తల అడ్డంగా ఊపారు. కేన్సర్ దారి మూసేసినా, తిన్న పండ్లు పైన నిలిచిపోయి ఇలాగే వస్తాయి. తెరిచి చూడ్డం తప్ప వేరే మార్గం లేదు.

మల్లవ్వకు చెప్పే పని నా మీద పడింది. వింటూ వింటూ ఆమె గొంగడిని గుండెకు హత్తుకుంది.

"మల్లా కోస్తరా? ఒక్కపారి కోస్తె గింతయింది. ఈపారి సస్తె?"

"కోయకుంటె గూడ కష్టమే మల్లవ్వా" అన్నాను. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాలేదు. బీరయ్యే మధ్యలో మాట్లాడాడు. "కొయ్యుమను. గా గడ్డ ఏందో నాకు గూడ తెల్వాలె."

రెండు రోజులు సెలైను, మల్లవ్వ అన్న ఇచ్చిన రక్తం ఎక్కించి, మూడో రోజు పొద్దున్నే బల్ల మీదికి తీసుకున్నాం. ఈథర్ ఇచ్చారు. నాడి సన్నగా కొట్టుకుంటోంది. సర్జన్ గారు పాత కోత పక్కగా తెరిచి, ముందు కాలేయం తడిమారు, చుట్టూ తడిమారు. నేను ఆయన కళ్లవైపే చూస్తున్నాను. "గడ్డలేం లేవు" అన్నారు చివరికి. తర్వాత జీర్ణాశయం కోసి చెయ్యి లోపలికి పెట్టారు.

ఒక గడ్డను బయటికి తీశారు. పాత చింతపండు ముద్దలా నల్లగా, ఆకుపచ్చగా, కొట్టినా పగలనంత గట్టిగా, అచ్చం ఆ సంచి ఆకారంలోనే ఉంది. మధ్యమధ్య తునికి గింజలు మెరుస్తున్నాయి. ఆయన మళ్లీ వేళ్లు పెట్టి మొదటిసారి కుట్టిన దారిని చూశారు. "రెండు వేళ్లు పడుతున్నాయి సిస్టర్. దారి బాగుంది" అన్నారు. అప్పుడు నేను గాలి పీల్చుకున్నాను.

ట్రేలో పెట్టి తెచ్చి చూపిస్తే మల్లవ్వ చాలాసేపు నమ్మలేదు. "గీ పండ్లేనా? గీ పండ్లతోని మా పోరలందరు పెరిగిన్రు" అంది. తర్వాత గోడకు జారగిలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషమెంతో కోపమెంతో నాకు తెలియలేదు. నేనూ పక్కనే కూచున్నాను.

ఆ తర్వాత కూడా తేలిగ్గా గడవలేదు. ఎండిన ఒంటికి కుట్టు పట్టదు. గాయం ఒక చోట విడిపోయి చీము పట్టింది. కొన్నాళ్లు విరేచనాలు. ఎన్నో రోజులు పొద్దున్నే వార్డులో అడుగు పెట్టేముందు బీరయ్య పడక వైపు చూడ్డానికే భయపడ్డాను. నా వృత్తిలో మా మాట వినని రోగులను చాలామందిని చూశాను. మా మాట విన్నందుకు చావు అంచుదాకా పోయిన మనిషిని మాత్రం బీరయ్యనే చూశాను.

వానలు బాగా పడ్డాక ఇంటికి పంపే రోజు వచ్చింది. సర్జన్ గారు ఈసారి నిలబడి చెప్పలేదు. ముక్కాలిపీట లాక్కుని పడక పక్కన కూచుని, "బీరయ్యా, నువ్వు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావో, ఎక్కడెక్కడ తిరుగుతావో, ఏ కాలంలో ఏం తింటావో, ఎవరు వండుతారో నాకు చెప్పు" అన్నారు. బీరయ్య మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత ఆగలేదు. మంద, మేత, వాగు, ఎండకాలం వలస, పొయ్యి మూడు రాళ్లు, ఒంటిపూట గటుక, మోదుగాకు దొప్పలో పిండుకుని తాగే మేకపాలు, వాన కాలంలో దొరికే కూరాకులు అన్నీ చెప్పాడు. సర్జన్ గారికి తెలియని మాట వస్తే నావైపు చూసేవారు, నేను అర్థం చెప్పేదాన్ని. గటుకను పలచగా జావ కాచి సొరకాయ బుర్రలో పోసుకుపోవచ్చని మల్లవ్వ అంది. సరే అన్నారు. మజ్జిగ సరే. పాలు కాచి, కొంచెం కొంచెం. తునికి పండు జన్మలో ముట్టకూడదు. రేగుపండ్లు? ఆయన ఆలోచించి, వద్దన్నారు. సీతాఫలం గుజ్జు? గింజ తీసి, నాలుగు తొనలే.

అప్పటినుంచి మా వార్డులో అదే పద్ధతి అయింది. ఆయన బదిలీ అయి పోయాక కూడా, నేను ఉద్యోగం చేసినంత కాలం, కడుపు ఆపరేషన్ అయిన మనిషికి ఏం తినాలో చెప్పేముందు పీట వేసుకుని కూచుని అతని రోజంతా చెప్పించుకునేదాన్ని. డాక్టర్లు విసుక్కున్నారు, పక్క నర్సులు నవ్వారు. నాకు నల్లటి ఆ ముద్ద కళ్లముందు మెదిలేది, పీట వదిలేదాన్ని కాదు.

ఆ రోజు మాటలన్నీ అయ్యాక బీరయ్య గొంగడి భుజాన వేసుకుని లేచాడు. పొట్ట మీద రెండు కోతల గీతలను ఒకసారి తడుముకుని, కోపమేమీ లేకుండా, నవ్వుతూనే అన్నాడు.

"సారూ, గీ ముచ్చట్లన్ని మొదటిపారి పోయేనాడే అడిగి ఉంటె, నాకు రెండో కోత తప్పుతుండె గద?"

సర్జన్ గారు పీట మీంచి లేచి బీరయ్య ఎదురుగా నిలబడ్డారు.

"అవును, తప్పేదయ్యా" అన్నారు.